తుక్కాదేవి చిత్తరువులు: గజపతి రాజపుత్రికను గూర్చిన కథనముల పరిశీలనము

1

గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభము కొండల నడుమ కొంత నిలిచి, అద్దంకి సీమను దాటి, ఒంగోలునకు చేరువగా సముద్రమున కలియుచున్నది. గుంటూరు ప్రకాశము మండలముల పత్తిచేలకును మిరపతోటలకును నడుమ పాఱు ఈ చిన్నయేటి పేరు మన సాహిత్యచరిత్రలలో తఱచుగా కనబడదు. కాని దాని పైపట్టున, కంభమువద్ద కట్టిన చెఱువుగట్టును ఆశ్రయించుకొని, ఒక రాజపుత్రిక కథ తరతరములుగా నిలిచియున్నది. ఆమె కటకపురాధీశుడైన ప్రతాపరుద్ర గజపతి కూతురు. విజయనగర సార్వభౌముడైన శ్రీకృష్ణదేవరాయల రాణి. తొలిరేయి భర్తను చంపదలచెననియు, అతడు ఆమెను విడనాడెననియు, ఆమె కంభమున ఏకాంతవాసమున బ్రదుకు వెళ్ళబుచ్చెననియు లోకము చెప్పుకొనుచున్నది. ఆ వాసమును కొందఱు వనవాసమందురు, కొందఱు చెఱయందురు.

ఆమెకు పేరులు పెక్కు. జనశ్రుతిలో ఆమె తుక్క, రాయవాచకమున జగన్మోహిని, అన్నపూర్ణ యన్న పేరు ఆమెదేయని తలచిన పండితులును కలరు. కంభము చెఱువు కథలో ఆమె వరదరాజమ్మ. ఇన్ని పేరులు గల వ్యక్తికి సాధారణముగా కీర్తి హెచ్చుగా నుండవలెను. ఇచ్చట జరిగినది వేఱు. ఒక్కొక్క పేరు వెనుక ఒక్కొక్క చిత్తరువు కలదు. ఆ చిత్తరువులలో ఏ ఒక్కటియు మఱియొకదానిని పోలియుండదు.

పదునైదేండ్లకు పైగా నేను తరగతిగదిలో ఈ కథను చాటువుల ప్రస్తావన వచ్చినపుడెల్ల చెప్పుచు వచ్చితిని. ఖడ్గమును, తిమ్మరుసు సూక్ష్మబుద్ధిని, పరిత్యక్త పలికిన ఐదు శ్లోకములను ఒకే దారమున గ్రుచ్చి చెప్పెడివాడను. విద్యార్థులు శ్రద్ధతో వినెడివారు. ఒకనాడు కంభము చెఱువు క్రింది పల్లెనుండి వచ్చిన ఒక విద్యార్థిని పాఠము ముగిసిన పిదప నాకడకు వచ్చి, "మాస్టారూ, ఆమె కత్తి దాచిందని మీరంటున్నారు. మా ఊళ్ళో మాత్రం చెరువు కట్టించిందనే చెప్తారండీ. కత్తి మాట నేను ఇక్కడికొచ్చాకే విన్నాను" అని పలికెను. నాకు వెంటనే సమాధానము తోచలేదు. నేను ఏ ప్రమాణముపై ఒక స్త్రీని హంత్రిగా ఏటేట అరువదిమంది యెదుట నిలుపుచుంటినో నన్ను నేనే ప్రశ్నించుకొనవలసి వచ్చెను. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా వ్రాయుచున్న సమాధానము.

2

ముందుగా చరిత్రభూమిని చూతము. కృష్ణరాయలు 1509లో రాజ్యమునకు వచ్చెను. 1513లో ఉదయగిరిని ముట్టడించి మఱుసటి యేట దానిని గైకొనెను. అచటినుండి తెచ్చిన బాలకృష్ణమూర్తికి విజయనగరమున ఆలయము కట్టించి, 1515లో శాసనము వేయించెను. ఆ యేడే జూను 23వ తేదీన, ఆషాఢ శుద్ధమున, మన గుంటూరునకు పడమటనున్న కొండవీటి దుర్గము అతని వశమయ్యెను. గజపతి కుమారుడైన వీరభద్రుడు అందు బందీయయ్యెను. పిమ్మట కొండపల్లి, అటుపై సింహాచలము, పొట్నూరి జయస్తంభము. ఈ జైత్రయాత్రను ఆముక్తమాల్యద పీఠికయు, మనుచరిత్రమును, శాసనములును చాటుచున్నవి. తుదకు సంధి జరిగినది. గజపతి తన కూతును ఇచ్చినాడు. కృష్ణకు ఉత్తరముననున్న భూములను రాయలు మరల గజపతికి విడిచినాడు.

ఈ సంధిని గూర్చి విపులముగా చెప్పినవాడు పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు న్యూనిజ్. అతడు తన వృత్తాంతమును 1535-37 ప్రాంతమున వ్రాసెను. దానిని రాబర్టు స్యూయెల్ 1900లో ఆంగ్లమున వెలువరించిన విజయనగర చరిత్రవలన మనవారు ఎఱుగుదురు. న్యూనిజ్ కథనము ప్రకారము కొండపల్లిలో గజపతి భార్యయొకతెయు, కుమారుడును, ప్రముఖులును పట్టువడిరి. కుమారుడు తనకు సరికాని కులమువానితో కత్తిసాము చేయింపజూచిన అవమానమునకు ఓర్వలేక ప్రాణము తీసికొనెను. అంతట గజపతి, చెఱలోనున్న తన భార్యను విడిపించుకొను ఉపాయము చెప్పుమని తిమ్మరుసునకు లేఖ వ్రాసెను. కూతును రాయలకిచ్చి పెండ్లిచేసినచో భార్యయు, భూములును మరల వచ్చునని తిమ్మరుసు ప్రత్యుత్తరమిచ్చెను. గజపతి అట్లే చేసెను.

ఈ కథనమున ప్రతి యంశమును సత్యమని నేను చెప్పుట లేదు. వీరభద్రుని విషయమున న్యూనిజ్ మాటకు శాసనము అడ్డు తగులుచున్నది. 1516 నాటి దావణగెఱె ప్రాంతపు శాసనమున అతడు మలెయ బెన్నూరు సీమను రాయల క్రింద పాలించుచున్నట్లు కనబడుచున్నాడు. బందీని మన్నించి సీమనిచ్చిన రాజు అతనిని అవమానించి చంపుకొనెనని నమ్ముట కష్టము. అయినను న్యూనిజ్ వాక్యములలో రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది: ఈ వివాహమున కూతురు తల్లికిగాని, సవతితల్లికిగాని విడుదలవెలగా వచ్చినది. ఒక స్త్రీ చెఱనుండి వెలువడుటకు మఱియొక స్త్రీ అంతఃపురమున ప్రవేశించినది. రెండవది: తొలిరేయి ఖడ్గము ప్రసక్తి అందు లేదు. తిమ్మరుసు కన్నులు తీయించి చెఱలో వేయించిన ఘోరమును దాచక చెప్పిన లేఖకుడు, అంతకంటె విచిత్రమైన ఈ కుట్రను విని విడిచియుండునా? రాజధానిలో అది వాడుకలో నున్నచో వర్తకుని చెవికి చేరకుండునా?

అతనికంటె ముందు, 1520-22 ప్రాంతమున విజయనగరమును చూచిన పేస్ చెప్పిన మాట ఇంకను విలువైనది. రాయలకు పన్నిద్దఱు ధర్మపత్నులనియు, వారిలో ముగ్గురు ముఖ్యురాండ్రనియు, ఆ ముగ్గురిలో ఒకతె ఓఢ్రరాజు కూతురనియు అతడు వ్రాసెను. వారికి వేర్వేఱు నగళ్ళు, సమానమైన పరిజనము, సమానమైన భూషణములు కలవనియు, కలతలు రాకుండుటకే అట్లేర్పఱచిరనియు చెప్పెను. పేస్ అంతఃపురమున ప్రవేశించి చూచినవాడు కాడు; వినికిడియే వ్రాసినాడు. కాని ఆ వినికిడి సమకాలికమైనది. వివాహము జరిగిన కొలది యేండ్లకు రాజధాని వీథులలో వినవచ్చిన మాటలో ఆమె పరిత్యక్త కాదు, పట్టపురాండ్రలో ఒకతె.

ఇచ్చట ఒక ఆక్షేపణము రావచ్చును. తిరుమల ఆలయమున రాయల లోహప్రతిమకు ఇరువైపుల తిరుమలదేవి, చిన్నాదేవి నిలిచియున్నారు, పేరులును చెక్కబడియున్నవి. మూడవ రాణి లేదు. అమరావతిలో 1515లో జరిగిన తులాపురుషదానమునను ఆ యిద్దఱే కలరు. ఇది నిరాదరణకు గుఱుతు కాదా? కాదు. అమరావతి దానము నాటికి సంధియే జరుగలేదు. ఇంటికి రాని కోడలు పీటపై లేదనుటలో అర్థము లేదు. తిరుమల విగ్రహములు రాయల తొలి యాత్రలనుండి వెంటనడచిన ఇద్దఱు రాణులను చూపుచున్నవి. వానిలో మూడవయామె లేమి ఒక లేమి మాత్రమే. మౌనమును సాక్షిగా నిలువబెట్టి, దానిచేత మనకు కావలసిన మాట పలికించుట పరిశోధకునకు తగదు. అయినను ఆ లేమి మన మనస్సును తాకకపోదు. ఉదయగిరినుండి వచ్చిన రాతివిగ్రహమునకు గుడియు, శాసనమును దక్కినవి. కటకమునుండి వచ్చిన ఆడుబిడ్డకు శిల్పమున రూపము దక్కలేదు. రూపము దక్కనివారికి లోకము తానే రూపములు కల్పించును.

3

మొదటి చిత్తరువు రాయవాచకమున కలదు. విశ్వనాథ నాయనికి అతని స్థానాపతి విన్నవించిన వార్తగా నడచు ఈ వచనగ్రంథము నిజమునకు మధుర నాయకుల ఆస్థానమున, పదునేడవ శతాబ్ది ఆరంభప్రాంతమున పుట్టినదని పండితుల నిర్ణయము. జయంతి రామయ్య పంతులుగారు దానిని పరిష్కరించి ఆంధ్రలోకమునకు అందించిరి. ఆ నాటికి విజయనగరము పాడుపడియుండెను. తమ అధికారమునకు మూలమైన మహారాజ్యమును స్మరించుకొను నాయకులకు కావలసినది ధీరుడైన రాజు, అంతకంటె బుద్ధిమంతుడైన మంత్రి. కావుననే గజపతి యుద్ధము ఆ గ్రంథమున అప్పాజీ యుక్తికి రంగస్థలమైనది. పదాఱుగురు పాత్రులకు పెట్టెలతో కూట లేఖలు పంపి, అవి గజపతి చేతబడునట్లు చేసి, అతనికి తనవారియందే అనుమానము పుట్టించి, యుద్ధము లేకయే పాఱద్రోలిన కథ అందఱెఱిగినదే.

ఇట్టి గ్రంథమున రాజపుత్రిక పాత్ర ఎంత? ఆమె జయఫలము. 'జగన్మోహిని' యను పేరే ఆ విషయమును చెప్పుచున్నది. అది పుట్టినబిడ్డకు తల్లిదండ్రులు పెట్టిన పేరువలె గాక, కథలో నాయకునకు దక్కు సుందరికి కవి పెట్టు పేరువలె నున్నది. ఈ చిత్తరువున నిందయు లేదు, జాలియు లేదు. ముఖమున్నది, ముఖమున వ్రాత లేదు.

4

రెండవ చిత్తరువు జనశ్రుతిది. ఇది పలుతెఱగుల వినబడుచున్నది. ఒక పాఠమున గజపతియో, అతని పక్షమువారో కూతుచేతికి ఖడ్గమిచ్చి పంపిరి. తిమ్మరుసు పసిగట్టి రాజును కాపాడెను. మఱియొక పాఠమున ఖడ్గము లేదు. సూర్యవంశాభిమానముగల రాకుమారి, తుళువ నరసనాయని కుమారుడైన భర్త పుట్టుకను ఎత్తిపొడిచెను. రెండింటను ఫలము ఒక్కటే: పరిత్యాగము, కంభవాసము.

ఒకే ఫలమునకు పొసగని రెండు కారణములు చెప్పబడినపుడు విమర్శకుడు జాగరూకుడు కావలెను. హత్యకు పూనుకొన్న స్త్రీయు, మాట తూలిన స్త్రీయు ఒకటి కారు. మొదటిది రాజద్రోహము, రెండవది దంపతుల కలహము. లోకమునకు మొదట తెలిసినది, లేక మొదట నమ్మినది, ఆమె రాజునకు దూరమైనదను మాట. దానికి హేతువు తరువాత వెదుకబడినది. వెదకినవారికి దొరకిన హేతువులు రెండును ఆమెయందే దోషము నిలుపుచున్నవి. ఎందువలన? రాయలు రసికుడు, ఉదారుడు అను కీర్తికి ముప్పు రాకూడదు. తిమ్మరుసు సర్వజ్ఞతకు ఒక నిదర్శనము చేరవలెను. శత్రువు బిడ్డ శత్రువుగానే ఉండవలెను. ఈ మూడు అక్కఱలను తీర్చుటకు ఒక నవవధువు చేతిలో ఖడ్గము పెట్టిన చాలును.

ఈ సందర్భమున రాయల ఆస్థానమునకు చెందిన మఱియొక కథను ప్రక్కన నిలుపుట మంచిది. దేవేరి రాయల చిత్తరువువైపు కాళ్ళు చాచి నిద్రించుటవలన ఆయన అలిగెననియు, ఆ యలుక తీర్చుటకై నంది తిమ్మన పారిజాతాపహరణమును రచించెననియు చెప్పుదురు. ఇందలి సత్యము మాట అటుంచుదము. తిరుమలదేవి వెంట అరణపుకవియై వచ్చినవాడని చెప్పబడు తిమ్మన ఉన్నాడు. కనుక ఆమె అపరాధము కావ్యమునకు కారణమైనది, క్షమకు పాత్రమైనది. గజపతిపుత్రిక వెంట తెలుగుకవి ఎవ్వడును రాలేదు. ఆమె అపరాధము అపరాధముగానే మిగిలినది. కథలలో నేరములు తూగునది వాని బరువునుబట్టి కాదు, చెప్పువాడు ఎవరిపక్షముననున్నాడను దానినిబట్టి.

5

మూడవ చిత్తరువు అన్నిటికంటె చిన్నది, అన్నిటికంటె లోతైనది. అది తుక్కాపంచకము. తుక్కాదేవి తన ఏకాంతవాసమున చెప్పినవని ప్రసిద్ధికెక్కిన ఈ ఐదు సంస్కృతశ్లోకములు అన్యాపదేశమార్గమున నడచును. తుమ్మెద తోటలన్నియు తిరిగి క్రొత్తపూగుత్తులన్నిటిని చవిచూచి సంపెంగను మాత్రము మూర్కొనక పోవుట అందు ప్రసిద్ధమైన భావము. పూవు అందమైనది కాదా, తుమ్మెద రసికుడు కాడా అని ప్రశ్నించి, రెండును కాదని, దైవసంకల్పమే బలవత్తరమని ఆ శ్లోకము ముగియును.

ఇచ్చట మూడు విషయములు ఆలోచింపవలెను. ఒకటి, కర్తృత్వము. తుమ్మెద సంపెంగను చేరదనుట కవిసమయము. వసుచరిత్రములో నాయిక నాసికను వర్ణించు ప్రసిద్ధపద్యము ఈ సమయముమీదనే లేచినది; ఆ పద్యమును రామరాజభూషణుడు తిమ్మనకడ కొనెనను కథయు లోకమున కలదు. ఇట్టి సమయముపై ఆధారపడిన ముక్తకము ఎవ్వరిదైనను కావచ్చును. ముక్తకములు తమకు తగిన కథను వెదకికొని ఊరూర తిరుగును. చాటువుల సంప్రదాయమున ఇది నిత్యము చూచునదే. కావున ఈ శ్లోకములను ఆమె స్వీయచరిత్రముగా పఠించుట సాహసము. నేను ఇంతకాలము తరగతిలో చేసినది ఆ సాహసమే.

రెండు, సంభావ్యత. ఆమె సంస్కృతమున శ్లోకము చెప్పజాలదని త్రోసివేయుటకును వీలులేదు. ప్రతాపరుద్రుని పేర సరస్వతీవిలాసమను ధర్మశాస్త్రగ్రంథము వెలసినది; చైతన్యమహాప్రభువును ఆదరించిన ఆస్థానమది. విజయనగరమున పదునాల్గవ శతాబ్దినాడే గంగాదేవి మధురావిజయమును రచించెను. అచ్యుతరాయల కాలమున తిరుమలాంబ వరదాంబికాపరిణయచంపువును కూర్చెను. రాణివాసపు స్త్రీలు సంస్కృతమున కవనము చెప్పుట ఆ రాజ్యమున వింత కాదు.

మూడవది ముఖ్యము. కర్తృత్వమును ప్రక్కకుంచి, ఈ ఐదు శ్లోకములను ఆమెకు అంటగట్టిన లోకమును చూతము. ఏ జనశ్రుతి ఆమె చేతిలో ఖడ్గము పెట్టెనో, ఆ జనశ్రుతియే ఆమె నోట ఈ శ్లోకములను పెట్టినది. కాని ప్రసిద్ధమైన సంపెంగ శ్లోకమున ఖడ్గము నీడయైన లేదు. పశ్చాత్తాపము లేదు, క్షమాయాచన లేదు, భర్తపై నేరారోపణయు లేదు. పూవునందు దోషము లేదని మాత్రము అది మృదువుగా, స్థిరముగా చెప్పుచున్నది. దోషియని నమ్మినవారికి ఈ శ్లోకము అక్కఱకు రాదు. కనుక కథ చెప్పినవారిలో అందఱును ఆ తీర్పునకు సమ్మతించలేదు. ఒకడో, ఒకతెయో, ఆమె పక్షమునను ఒక మాట వినబడవలెనని తలచి, సంపెంగపూవును తెచ్చి ఆ కథ అంచున గ్రుచ్చిరి. శ్లోకములు ఆమె చెప్పినవే యైనచో, ఆమె తన్ను తాను రక్షించుకొన్నది. ఇతరులు చెప్పినవైనచో, ఎవ్వరో ఆమెను రక్షింపజూచిరి. ఏ విధముగ చూచినను కథలోనే కథకు ప్రతివాదము కలదు. పంచకముయొక్క విలువ ఇందే కలదని నా విశ్వాసము.

6

నాలుగవ చిత్తరువు కాగితముపై లేదు. మట్టితోను, రాతితోను కట్టబడినది. కంభము చెఱువును వరదరాజమ్మ యను రాజపత్ని కట్టించెనని స్థానికులు చెప్పుదురు. ఆమె గజపతి కూతురేయని వారి నమ్మకము. గుండ్లకమ్మ రెండు కొండల నడుమ ఇఱుకున పాఱుచోట సుమారు వేయి అడుగుల నిడివి, ఏబదియేడు అడుగుల ఎత్తు గల కట్ట వేసి నీటిని నిలిపిరి. కట్ట చిన్నది, చెఱువు మిక్కిలి పెద్దది; అందే ఆ నిర్మాతల నేర్పు కనబడుచున్నది. పదివేల యెకరములకు పైగా దాని క్రింద పాఱుచు వచ్చినది. పూర్వము కర్నూలు జిల్లాలోనుండి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు ఈ వైపు చేరిన ఆ సీమకు అదియే ప్రాణాధారము. అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో దానిని వారసత్వ నిర్మాణముగా గుర్తించినది.

చెఱువు విషయమునను మనకు జాగ్రత్త అవసరము. పోరుమామిళ్ళ చెఱువునకు 1369 నాటి శాసనము కలదు. కట్టించినవాడెవడో, ఎందఱు పనిచేసిరో అది చెప్పుచున్నది. వరదరాజమ్మ కథకు ఆధారము జనశ్రుతి. పైగా వరదాంబిక అచ్యుతరాయల రాణి పేరు. రెండు పేరులు కాలక్రమమున పెనగొనియుండవచ్చునను సందేహమును విడువరాదు.

అయినను జనశ్రుతిని జనశ్రుతితోనే తూచినచో ఒక వైరుధ్యము స్పష్టమగుచున్నది. ఆమె నిజముగ చెఱలోనున్నచో చెఱువు కట్టించుట ఎట్లు? అంత కట్టకు ధనము కావలెను, ఒడ్డెలు కావలెను, రాతిపనివారు కావలెను. అన్నిటికంటె ముఖ్యముగా ఆజ్ఞాపించు అధికారము కావలెను. చెఱువు కథ నిజమైనచో ఆమె ఒక సీమకు ఏలిక; బందీ కాదు. చెఱ కథ నిజమైనచో చెఱువు మఱియొకరిది. రెండింటిని ఒక్క నోట చెప్పుటకు వీలులేదు. మనవారు ఇన్నాళ్ళు చెప్పుచునే వచ్చిరి. కంభమున ఆమె ప్రత్యేకవాసము చేసెనను మాటలో కొంత సత్యమున్నచో, అది రాణులకు సీమలను అప్పగించు ఆచారముతో పొసగునేగాని, హంత్రికి విధించు దండనముతో పొసగదు.

నా విద్యార్థిని చెప్పినది ఈ దృష్టితో చూడగా కేవలము ఊరిమీది మమకారము కాదు. చెఱువు క్రిందివారికి ఆమె కులము, తండ్రి, శయనాగారము అక్కఱలేదు. నీరు వచ్చినదా లేదా అన్నదే వారి ప్రశ్న. ఆ ప్రశ్న వేసినవారు గీసిన చిత్తరువున ఆమె ఏడ్చుట లేదు.

7

పోలికకై ఒక దూరదేశపు కథను చూతము. డెన్మార్కు రాజు నాలుగవ క్రిస్టియన్ మనకు పూర్తిగా పరాయివాడు కాడు. అతని ప్రతినిధులే 1620లో తంజావూరి రఘునాథనాయనితో ఒడంబడిక చేసికొని తరంగంబాడిలో కోట కట్టిరి. రఘునాథుడు మన కవిరాజు. ఆ మఱుసటి యేట క్రిస్టియనుకు పుట్టిన కూతురు లెయొనోరా క్రిస్టినా. భర్త చేసిన రాజద్రోహమునకై ఆమెను కోపెన్‌హాగన్ నగరమున నీలిబురుజులో బంధించిరి. 1663 మొదలు 1685 వఱకు, ఇంచుమించు ఇరువదిరెండేండ్లు, ఆమె అందుండెను. తనపై పగబూనిన రాజమాత మరణించిన పిదపగాని ఆమెకు విడుదల కలుగలేదు. 1698లో ఆమె మరణించెను.

ఆమె చిత్తరువులు మూడు కాలములకు చెందినవి. కన్యయైయున్నపుడును, రాజధానిలో ప్రముఖురాలైయున్నపుడును ఆస్థానచిత్రకారులు గీసినవి మొదటివి. వానిలో పట్టు, ముత్యములు, వంశగౌరవము కలవు. రెండవది ఆమె తానే అక్షరములతో గీసికొన్నది. చెఱలో ఆరంభించిన 'దుఃఖస్మృతి' యను గ్రంథము రెండు శతాబ్దములకు దగ్గఱగా వ్రాతప్రతిగా నుండి 1869లో అచ్చయినది. మూడవవి ఆ గ్రంథమును చదివిన క్రిస్టియన్ సార్ట్‌మన్ యను చిత్రకారుడు పందొమ్మిదవ శతాబ్ది చివర వరుసగా గీసిన పటములు. వానిలో ముత్యములు వెనుకకు పోయినవి. బట్టలు విప్పి పరీక్షింపబడిన అవమానమును సహించిన, ముదిమి పైబడిన, తలవంచని స్త్రీ ముందునకు వచ్చినది. ఆమె మాట వెలికి వచ్చిన తరువాతనే ఆమె ముఖము మాఱినది.

మన రాణికిని ఆమెకును భేదము ఇచ్చటనే కలదు. ఇద్దఱును ఇతరుల వైరములకు మూల్యము చెల్లించినవారు: ఒకతె తండ్రి యోటమికి, మఱియొకతె భర్త ద్రోహమునకు. కాని డెన్మార్కు స్త్రీకి ఒక గ్రంథము మిగిలినది. నిందలను ఆ గ్రంథముతో సరిచూచుకొను అవకాశము ఆమె దేశీయులకు కలదు. అందును ఆమె తన్ను తాను సమర్థించుకొన్నదే యనుకొన్నను, సమర్థనకైన తావు దొరకినది. మనకు మిగిలినవి ఐదు శ్లోకములు. అవియు ఆమెవని నిర్ధారణ లేదు. గ్రంథము లేనిచోట విమర్శకుని బాధ్యత తగ్గదు, హెచ్చును. సాక్షి నోరు మెదపలేనపుడు న్యాయాధికారి మఱింత మెల్లగా తీర్పు చెప్పవలెను.

8

మన కాలమునకు వచ్చినచో, ఈ కథను లక్షలమందికి చేర్చినది చలనచిత్రము. 1962లో కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వమున 'మహామంత్రి తిమ్మరుసు' వెలువడెను. రాయలుగా నందమూరి తారక రామారావు, తిమ్మరుసుగా గుమ్మడి, గజపతిపుత్రికగా దేవిక నటించిరి. ఆమె పేరు అందు అన్నపూర్ణ. రాయవాచకమున వలెనే ఈ చిత్రమునను కథకు కేంద్రము మంత్రియే; శీర్షికయే ఆ మాట చెప్పుచున్నది. కాని ఒక భేదము కలదు. వచనగ్రంథమున ముఖమున వ్రాత లేని స్త్రీకి తెరపై కన్నులు వచ్చినవి, కంఠము వచ్చినది. చూచువారు ఆమె మనసున ఏమున్నదో తెలిసికొనగోరిరి. జగన్మోహిని యన్న పేరు అన్నపూర్ణగా మాఱుటయు నాకు అర్థవంతముగా తోచుచున్నది. మొదటి పేరు చూచువానికొఱకు పుట్టినది; రెండవది పెట్టుదానిని పిలుచునది. చెఱువు కట్టించినదని చెప్పబడు స్త్రీకి రెండవ పేరే తగియున్నది.

ఈ చిత్తరువులన్నిటిని ప్రక్కప్రక్కన నిలిపిన పిమ్మట తేలునది ఇది. సమకాలికుడైన పేస్ ఆమెను ముఖ్యరాణిగా ఎఱుగును. న్యూనిజ్ ఆమెను సంధివెలగా ఎఱుగును. ఆ యిద్దఱికిని ఖడ్గము తెలియదు. మధుర ఆస్థానమునకు ఆమె విజయచిహ్నము. తరువాతి జనశ్రుతికి ఆమె ద్రోహి. ఆ జనశ్రుతియొక్క అంతరంగమునకే ఆమె దోషములేని సంపెంగ. గుండ్లకమ్మ తీరమున ఆమె నీరిచ్చిన తల్లి. కాలము గడచినకొలది నింద పెరిగినది. నిందతోబాటు దానికి సమాధానమును పెరిగినది. ఖడ్గపు కథను చరిత్రముగా బోధించుటకు ప్రమాణము చాలదు. దానిని కథగా, ఒక కాలపు భయములకును అక్కఱలకును అద్దముగా బోధించవచ్చును, బోధించవలెను.

ఈ యేడు ఆ పాఠము వచ్చినపుడు నేను క్రమము మార్చి చెప్పితిని. ముందు కొండవీటి ముట్టడి, పిదప విడుదలవెల, పిదప సంపెంగ, పిదప చెఱువు. చిట్టచివర, ఇట్లు కూడ చెప్పుదురని, ఖడ్గము. తరగతి మునుపటివలె నవ్వలేదు. వెనుకబల్లనుండి ఒక విద్యార్థి మాత్రము, "అయితే ఆమె తల్లి విడుదలై ఇంటికి చేరిందా మాస్టారూ?" అని అడిగెను. ఇన్నేండ్లలో ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఖడ్గమునుండి చూపు మరలించిన తరువాతనే అది వినబడినది.